ఎర్రచుక్క బంతి

గద్వాల కోటలోని డిగ్రీ కాలేజీ ఆవరణలోనో, వనపర్తి పాలిటెక్నిక్ దగ్గరో, నాగర్‌కర్నూల్ చెరువు పక్క ఖాళీ జాగాలోనో సాయంత్రం పూట టెన్నిస్ బంతికి టేపు చుట్టి ఆడే పిల్లల్ని బేస్‌బాల్ గురించి అడిగితే నవ్వుతారు. కానీ టేపు ఒకవైపే చుడితే బంతి ఎటు పోతుందో వాళ్లకు బాగా తెలుసు. అమెరికా బేస్‌బాల్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ పనితనం అర్థం కావడానికి ఆ మాత్రం తెలిస్తే చాలు.

పేరు చూసి మనవాడే అనుకుంటారు. సగం మనవాడే. తల్లి లలితది భారతదేశం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబం. తండ్రి ట్రేసీ రాకర్ 1988లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఔట్‌లాండ్, లొంబార్డీ ట్రోఫీలు రెండూ ఒకే ఏడాది గెలిచిన దిట్ట. 1999లో పుట్టిన కొడుక్కి ఆ ఒడ్డూ పొడుగూ వచ్చాయి: ఆరడుగుల అయిదంగుళాలు. ఆ మనిషిని చూసినవాళ్లు గట్టిగా విసరడమే ఇతని విద్య అనుకుంటారు. బలమొక్కటే అయితే 2008లో టీవీ పోటీలో మెరిసి, జావెలిన్ విసిరిన చేతులతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్లలో చేరిన మన దేశపు కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా పైదాకా వెళ్లేవారే. వెళ్లలేకపోయారు.

బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలక్కర్లేదు. మన క్రికెట్‌లో పిచ్ మీది తేమ, పగుళ్లు, గడ్డి బౌలర్‌కు సాయం చేస్తాయి. అక్కడ గాలి తప్ప ఇంకే ఆసరా లేదు. పిచ్చర్ నిలబడే దిబ్బ నుంచి బ్యాటర్ ముందుండే ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే మన 22 గజాల కన్నా తక్కువే. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు. తెల్లతోలు బంతి మీద ఎర్రదారంతో 108 జంట కుట్లు. పిచ్చర్‌కున్న పనిముట్టల్లా ఆ కుట్లే.

రాకర్ ఫాస్ట్‌బాల్ గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. అయినా అతనికి పేరు తెచ్చింది స్లైడర్. చూపుడు వేలూ నడిమి వేలూ దగ్గరగా చేర్చి, బంతి నడినెత్తిన కాకుండా కాస్త పక్కకు జరిపి, కుట్టు మీద ఆనించాలి. బొటనవేలు కింద ఉండాలి. మణికట్టు మెలిపెట్టకూడదు. ఫాస్ట్‌బాల్‌కు వచ్చినంత జోరుగానే చెయ్యి రావాలి, బంతి మాత్రం వేళ్ల పక్క నుంచి జారాలి. అప్పుడది తుపాకీ గుండులా తిరుగుతూ పోతుంది. ఎర్రకుట్లన్నీ ఒకచోట గిరగిరా తిరగడంతో బ్యాటర్‌కు బంతి మొహాన చిన్న ఎర్రచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క కనపడిందంటే స్లైడరే. తెలిసి మాత్రం ఏం లాభం? చుక్కను ఆనవాలు పట్టేసరికి బ్యాటు ఊపాల్సిన వేళ దాటిపోతుంది.

చాలామంది స్లైడర్ పక్కకు జరుగుతుంది. రాకర్‌ది జరుగుతూనే కిందికి కుంగుతుంది. మోకాళ్ల ఎత్తున వస్తోందనుకున్న బంతి ప్లేటు దగ్గర పాదాల వైపు దిగిపోతుంది, బ్యాటు దాని మీదుగా గాలిలో పోతుంది. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. కుప్పడం నేతలో ఆ రెండూ కలిసే చోటే నేతగాడి చెయ్యి తెలుస్తుంది. రాకర్ పనిలో నేను మెచ్చుకునేది కూడా ఆ అతుకునే. ఫాస్ట్‌బాలూ స్లైడరూ ఒకే భుజం ఎత్తు నుంచి, ఒకే ఊపుతో బయల్దేరతాయి. సగం దూరం దాకా బ్యాటర్‌కు రెండూ ఒక్కటే బంతి.

ఈ పనితనం లోకానికి తెలిసింది 2019 జూన్ 8న. అంతకు ముందురోజే అతని కాలేజీ జట్టు వాండర్‌బిల్ట్ మరో కాలేజీ జట్టు డ్యూక్ చేతిలో 18-5తో చిత్తయింది. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. అలాంటి రోజున బంతిని మొదటి సంవత్సరం కుర్రాడికి ఇచ్చారు. తొమ్మిది ఇన్నింగ్స్, 131 బంతులు, ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు. ఆట ముగియడానికి 27 ఔట్లు కావాలి, అందులో 19 స్ట్రైకవుట్లే, అంటే బ్యాటర్ మూడు స్ట్రైకులతో వెనుదిరిగినవే. వాండర్‌బిల్ట్ 3-0తో గెలిచింది, ఆ నెలలోనే కాలేజీ వరల్డ్ సిరీస్ కూడా పట్టేసింది. ఉత్తమ ఆటగాడు రాకరే.

ఇక్కడి నుంచి దారి మెట్లెక్కినట్టు సాగలేదు. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకుంది, 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్షల తర్వాత మెట్స్ వెనక్కి తగ్గింది. సెప్టెంబర్‌లో భుజానికి శస్త్రచికిత్స జరిగింది.

2022 వేసవిలో అతను పెద్ద జట్లతో సంబంధం లేని ఫ్రంటియర్ లీగ్‌లో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ తరఫున దిబ్బ ఎక్కాడు. అయిదు మ్యాచ్‌లు, 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకవుట్లు. తన ఖాతాలో పడ్డ పరుగులు మూడే. నన్నడిగితే ఆ 19 స్ట్రైకవుట్ల కన్నా ఈ 20 ఇన్నింగ్సే గొప్పవి. కోతపడిన భుజంతో, పెద్ద జట్టు కాంట్రాక్టు ఏదీ లేకుండా, అదే ఊపు అదే ఎత్తు నుంచి తెచ్చి చూపించాడు. వెంటనే టెక్సాస్ రేంజర్స్ డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా 52 లక్షల డాలర్లకు తీసుకుంది.

2023లో రేంజర్స్ కింది స్థాయి జట్టు హికరీకి 28 ఇన్నింగ్స్‌లో 42 స్ట్రైకవుట్లు, అంతలో మోచెయ్యి మొండికేసింది, మళ్లీ కోత తప్పలేదు. ఒంట్లో మరోచోటి స్నాయువు తీసి మోచేతిలో అమర్చే శస్త్రచికిత్స అది. 1974లో మొదట చేయించుకున్న పిచ్చర్ పేరుతోనే దాన్ని టామీ జాన్ అంటారు. ఏడాది పైగా ఆటే లేదు. తర్వాత అరిజోనా, ఫ్రిస్కో, రౌండ్ రాక్ జట్ల మీదుగా వచ్చి 2024 సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మేజర్ లీగ్ దిబ్బ ఎక్కాడు. నాలుగు ఇన్నింగ్స్, ఒక్క పరుగు, ఏడు స్ట్రైకవుట్లు. 2025లో నిలకడ తప్పింది, మళ్లీ రౌండ్ రాక్‌కు పంపారు.

2019 జూన్ 8 నాటి ఆట వీడియో దొరికితే చూడండి. కన్ను అతని చేతి మీదే ఉంచండి. బంతి వదలకముందే అది స్లైడరో కాదో కనిపెట్టగలిగితే, ఎలాగో నాకూ చెప్పండి.