పూలబండ్ల దారిలో రేసింగ్ మాట

ఆదివారం తెల్లవారకముందే మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తే రెండు రకాల బండ్లు కనిపిస్తాయి. పూల మూటలు వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే ట్రాలీ ఆటోలు కొన్ని. పట్నం నుంచి ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చే కార్లు కొన్ని. ఎదురుగా లైట్లు దూసుకురావడం చూసి ఆటో డ్రైవరు బండిని మట్టిలోకి దించేసి, అవి పోయేదాకా మర్రిచెట్టు కింద ఆగుతాడు. ఆ కుర్రాళ్లు దీన్నే రేసింగ్ అనుకుంటున్నారు. రేసింగ్ అంటే ప్రాణం పెట్టేవాడిగా నాకిది చాలా బాధ.

అసలు రేసింగ్ చూడాలంటే 24 గంటల రేసు చూడాలి. 2025 జనవరిలో దుబాయ్ ఆటోడ్రోమ్‌లో అలాంటి రేసుకే మన సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ కుమార్ సొంత జట్టుతో దిగారు. ఇలాంటి జట్టును కస్టమర్ టీమ్ అంటారు. కారు తయారుచేసిన కంపెనీ నడిపే జట్టు కాదది. కంపెనీ దగ్గర రేసు కారు కొనుక్కుని, మెకానిక్కులను, ఇంజినీర్లను కూర్చుకుని, ఖర్చంతా తామే భరించి పోటీకి వచ్చే జట్టు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1979లో ల మాన్స్ 24 గంటల రేసును పోర్షే కారుతో గెలిచింది క్రేమర్ అనే ప్రైవేటు జట్టు. పోర్షే సొంత జట్టు కూడా అదే రేసులో ఉంది!

అజిత్ జట్టు కారు పోర్షే 911 జీటీ3 కప్. నాలుగు లీటర్ల ఇంజిను, 510 హార్స్‌పవర్. ఆ జట్టు పోటీపడిన తరగతిలో అందరిదీ అదే కారు. కాబట్టి తేడా అంతా మనుషుల్లోనే. వంతు అయిపోయిన డ్రైవరు దిగుతూ, ఎక్కేవాడికి బెల్టులు బిగించడంలో సాయపడతాడు. అర్ధరాత్రి రెండింటికి, కళ్లు మండుతున్న వేళ కూడా ఆ చేతులు తడబడకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది అక్కడి ‘కోడ్ 60’. ప్రమాదం జరిగితే ఊదారంగు జెండాలు లేస్తాయి. ట్రాక్ మీదున్న ప్రతి కారూ గంటకు 60 కిలోమీటర్లకు తగ్గాల్సిందే. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. దుబాయ్ ట్రాక్ ఒక చుట్టు 5.39 కిలోమీటర్లు. మామూలప్పుడు రెండు నిమిషాల చిల్లరలో అయిపోయే చుట్టుకు 60 వేగంతో అయిదు నిమిషాలు దాటుతుంది. పెట్రోలుకు నాలుగు నిమిషాలు ఆగారనుకోండి, మామూలప్పుడైతే దాదాపు రెండు చుట్లు పోతాయి, కోడ్ 60లో ఒక చుట్టు కూడా పోదు. అయితే ఆ లెక్క అందరికీ తెలుసు, పంపుల దగ్గర వరుస కడతారు. వెళ్లాలా, ఆగాలా అన్నది క్షణంలో తేల్చాలి. రేసులు గెలిచేది, ఓడేది ఇక్కడే.

రేసుకు నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో అజిత్ కారు గోడను ఢీకొట్టింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు. జట్టు మేలు కోరి, తన జట్టు కారు నడిపే బాధ్యత మిగతా డ్రైవర్లకు వదిలేశారు. తాను మరో జట్టు తరఫున జీటీ4 తరగతిలో కారు నడిపారు. డబ్బు పెట్టినవాడు, పేరున్నవాడు, ఎన్నో ఏళ్లుగా కల కన్నవాడు సొంత కారు సీటు వదులుకోవడం మాటలు కాదు. ఆయన జట్టు కారు తన తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. ఆ రేసులో నేను చూసిన గొప్ప డ్రైవింగ్ నిర్ణయం ఆ సీటు వదులుకోవడమే.

వేగం మీద మోజున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో ట్రాక్‌లున్నాయి. అక్కడికి వెళ్లి నేర్చుకోండి, పోటీపడండి. చేవెళ్ల రోడ్డు మీద మాత్రం పూలబండికి దారివ్వండి.