డెబ్బై వేల కొటేషన్

నా దగ్గర ఒక కాగితం ఉంది. 2023 మే నెలలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో (సీటీసీ), ఒక చిన్న దుకాణం కౌంటర్ మీద నీలం బాల్‌పెన్నుతో రాసిన కొటేషన్ అది. రాసింది నాలుగు చోట్ల కొట్టేసి ఉంటుంది. చివరికి మిగిలినవి ఎనిమిది వరుసలు, అడుగున మొత్తం 69,100 రూపాయలు. మా మేనల్లుడు ఇంటర్ పాసయ్యాక గేమింగ్ కంప్యూటర్ కావాలన్నాడు. డెబ్బై వేలు దాటితే ఒక్క రూపాయి ఇవ్వనని మా అక్క తేల్చి చెప్పింది. తోడుగా నన్ను పంపించింది. కంప్యూటర్ వాడింటికి వెళ్లింది, కాగితం నా దగ్గర ఉండిపోయింది.

అది మంచి పనివాడి చేతిపని, అందుకే దాచుకున్నాను. ఉన్న కలపలో ఏ పలక తలుపుకో, ఏ ముక్క గడపకో ముందే కొలుచుకుని గీత గీసే వడ్రంగిని చూశారా? ఆ దుకాణం కుర్రాడు డెబ్బై వేలను అలా కొలిచాడు. అతని నైపుణ్యం రాసిన పేర్లలో కన్నా కొట్టేసిన పేర్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

సీటీసీ అంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ కొన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అంతస్తు మీద అంతస్తు, మనిషి పక్కకి తిరిగితే భుజాలు తగిలే వరండాలు, గుమ్మాల ముందు పేర్చిన అట్టపెట్టెలు. మావాడు రాత్రుళ్లు వీడియోలు చూసి తయారుచేసుకున్న లిస్టు ఫోనులో తీసి చూపించాడు. కుర్రాడు దాన్ని ముందు ఉన్నదున్నట్టుగా కాగితం మీదకి ఎక్కించాడు. రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్ 18,500. దానికి లిక్విడ్ కూలర్ 6,000. మదర్‌బోర్డు 9,200. ర్యామ్ 3,700. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ 3,900. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 27,000. కేబినెట్, అందులోనే వచ్చి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కలిపి 1,600. కూడితే 69,900. మావాడి ముఖం వెలిగిపోయింది.

కుర్రాడు ధర గురించి ఒక్క మాటా అనలేదు. పెన్ను పక్కన పెట్టి, "మానిటర్ ఏదున్నది తమ్మీ?" అన్నాడు.

"ఇంట్లో పాతది ఉందన్నా."

"ఎన్ని హెర్ట్జ్?"

అరవై. ఏ గేములు ఆడతాడో అడిగాడు. వాలరెంట్ రోజూ, జీటీఏ 5 సెలవుల్లో, ఎప్పటికైనా సైబర్‌పంక్ 2077 ఆడాలని ఆశ. వీడియో ఎడిటింగ్ చేస్తాడా అని అడిగాడు. చేయడు. ఈ జవాబులు వచ్చాకే పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ముగ్ధుణ్ణయింది అక్కడే. మావాడి లిస్టు ప్రాసెసర్ దగ్గర మొదలైంది. అతని లెక్క కంటి దగ్గర మొదలైంది.

ఆ లెక్క ఇది. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అంటే ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ అయితే 6.9. వాలరెంట్ లాంటి తేలికపాటి గేములో ఓ మాదిరి కార్డు కూడా సెకనుకి 150 ఫ్రేములు దాటి గీస్తుంది. పాత మానిటర్ మీద వాటిలో సగానికి పైగా చూపే దారే లేదు. 27,000 పెట్టి కొన్న కార్డు కష్టం తెరదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే లిస్టులోనే లేని వస్తువు, 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్, 11,500, కాగితం అడుగున వచ్చి చేరింది. దాన్ని రాశాక, ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలో వెతకడానికి పైకి వెళ్లాడు.

మొదటి గీత 5700ఎక్స్ మీద పడింది. అది 8 కోర్ల ప్రాసెసర్, దాంతోపాటు కూలర్ రాదు. దాని స్థానంలో రాసిన రైజెన్ 5 5600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్. కాబట్టి ఆ ఒక్క గీతతోనే రెండో గీతకీ దారి దొరికింది, లిక్విడ్ కూలర్ కూడా ఎగిరిపోయింది. 12,100 మిగిలాయి. ఆ 5600 ధర 12,400. మే నెల మధ్యాహ్నాల్లో ఆ చిన్న కూలర్ ఫ్యాను చప్పుడు చేస్తుంది, అది ముందే చెప్పాడు. చప్పుడు భరించగలిగితే ఆటలో తేడా ఉండదన్నాడు. నిజమే, ఆటలో తేడా లేదు.

అంత తగ్గించినవాడు ఇంకొంచెం తగ్గించి 5500 రాయొచ్చుగా అని నేనే అడిగాను. అది కూడా 6 కోర్లే, 12 థ్రెడ్లే. పేరులో వంద తేడా. కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5500లో 16. వంట చేసేవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. పోపుల పెట్టె పొయ్యి పక్కనే ఉంటే చేయి చాచి ఆవాలు వేస్తాం. అందులో లేని దినుసు కావాలంటే పొయ్యి వదిలి కొట్టుగదిలోకి వెళ్లాలి. ప్రాసెసర్‌కి క్యాష్ పోపుల పెట్టె, ర్యామ్ కొట్టుగది. గేము ప్రతి ఫ్రేముకీ ఎక్కడెక్కడివో చిన్నచిన్న సమాచారాలు అడుగుతుంది, పెట్టె సగానికి తగ్గితే కొట్టుగదికి తిరుగుళ్లు పెరుగుతాయి. కోర్ల సంఖ్య చూసి కొనేవాళ్లకి కనిపించని తేడా అది.

5500ని వద్దనడానికి ఇంకో కారణం ఉంది, దానికి ముందు కార్డు గురించి చెప్పాలి. మూడో గీత 3060 మీద. పక్కన ఆర్‌ఎక్స్ 6600, 20,500. ఇక్కడ మావాడు గట్టిగా అడ్డుపడ్డాడు. 3060లో 12 జీబీ మెమరీ, 6600లో 8. రే ట్రేసింగ్‌లోనూ 3060దే పైచేయి. ఇవేవీ అబద్ధాలు కావు, కుర్రాడు కాదనలేదు కూడా. ఎడిటింగ్ చేస్తానని వీడు అనుంటే కొట్టేసేవాణ్ణే కాదన్నాడు. కానీ 1080పీ తెర మీద, రే ట్రేసింగ్ లేకుండా, ఈ రెండు కార్డులూ దాదాపు భుజం భుజం కలిపి నడుస్తాయి. 3060 గరిష్ఠంగా 170 వాట్లు తాగుతుంది, 6600 132తో సరిపెట్టుకుంటుంది. 6,500 రూపాయల తేడాతో సగం మానిటర్ వచ్చేసింది.

అయితే 6600కి ఒక గుట్టు ఉంది. మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐ దారులు మామూలుగా 16 ఉంటే, దీనికి 8 మాత్రమే. నాలుగో తరం పీసీఐ అయితే ఆ 8 దారుల మీదే సెకనుకి దాదాపు 16 జీబీ వెళ్తుంది. మూడో తరం అయితే అందులో సగం. 5500 ప్రాసెసర్ మూడో తరం దగ్గరే ఆగిపోతుంది. చవక బీ450 బోర్డూ అంతే. ప్రతి ఆటలోనూ ఆ తేడా తెలియకపోవచ్చు. 8 జీబీ మెమరీ నిండిపోయిన బరువైన ఆటల్లో తెలుస్తుంది. అందుకని బీ550ఎం బోర్డు మీద గీత పడలేదు. ప్రాసెసర్, బోర్డు, కార్డు మూడూ ఒకదాన్నొకటి చూసుకుని రాసిన వరుసలవి. ఒకటి లాగితే మిగతా రెండూ కదులుతాయి. అదే బోర్డు మీద రేపు 5800ఎక్స్3డీ లాంటి, 96 ఎంబీ క్యాష్ ఉన్న ప్రాసెసర్ కూర్చుంటుందని కూడా చెప్పాడు. వీడి డబ్బుకి రేపటి దారి కూడా తెరిచి పెట్టాడు.

సగం ధరకి వాడిన కార్డు దొరుకుతుంది కదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయాక, రాత్రీ పగలూ తిరిగిన కార్డులు బజారులోకి చాలా వచ్చాయి. కుర్రాడు తల అడ్డంగా ఊపి, "వారంటీ లేంది నేనియ్య" అన్నాడు. ఆ మాటతో ఆ ప్రశ్న అయిపోయింది.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వరుసల్లో మార్పు లేదు. ఒక చిన్న మాట మాత్రం చెప్పాలి. 16 జీబీ అన్నప్పుడు ఒకే పట్టీ ఇవ్వలేదు, రెండు ఎనిమిదులు ఇచ్చాడు. 3200 వేగం ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 జీబీ దారి, రెండుంటే 51.2. డబ్బు దాదాపు అంతే.

ఇక నాలుగో గీత. ఈ కాగితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గీత అదే. కేబినెట్, ఎస్‌ఎంపీఎస్ కలిపి 1,600 అన్న వరుస కొట్టేసి, రెండు వరుసలు చేశాడు. ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు, బ్రాంజ్, 4,300. కేబినెట్ 3,600. అన్నిచోట్లా తగ్గిస్తూ వచ్చిన చేయి ఇక్కడ మాత్రం 6,300 పెంచింది. ఈ పెంపు ఏ గేములోనూ ఒక్క ఫ్రేము కూడా కలపదు. స్నేహితులకి చూపించుకోవడానికీ ఉండదు, లోపల కేబినెట్ అడుగున దాక్కునే పెట్టె అది.

చాలా ఏళ్ల క్రితం నా పాత కంప్యూటర్‌లో కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన లోకల్ ఎస్‌ఎంపీఎస్ ఉండేది. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు టప్పుమని పేలింది. తను పోతూ మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ తీసుకుపోయింది. మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి, మళ్లీ దొరకలేదు. కాబట్టి ఆ కుర్రాడు 1,600 అంకె మీద గీత గీస్తున్నప్పుడు నా గొంతు పట్టుకుపోయింది.

అతని లెక్క సూటిగా ఉంది. ప్రాసెసర్, కార్డు, మిగతావి అన్నీ కలిపి బరువైన ఆటలోనూ మూడువందల వాట్లలోపే. 550 అంటే, ఉన్నట్టుండి ఎగిరే గిరాకీకి చోటు, రేపు కాస్త పెద్ద కార్డు పెట్టుకున్నా చోటు. బ్రాంజ్ అన్న ముద్ర గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా కాకుండా ఉంటుందో చెబుతుంది, సగం బరువు మీద 85 శాతం పనికొస్తుందని. షార్టయితే, వోల్టేజీ పెరిగితే తనంతట తాను ఆగిపోతుందా అన్నది ఆ ముద్ర చెప్పదు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి ముద్ర ఒక్కటే చూడకుండా, అందులో ఏయే రక్షణలున్నాయో పెట్టె మీద వేలుపెట్టి చదివి వినిపించాడు.

కేబినెట్ ముందుభాగం అద్దం కాదు, జాలీ. హైదరాబాద్ మేలో ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

బిగించడం చూడాలని అక్కడే కూర్చున్నాం. ముందు లోహాన్ని ముట్టుకుని చేతిలోని స్టాటిక్ వదిలించుకున్నాడు. 5600 కింద 1,331 సన్నటి కాళ్లుంటాయి. మూల మీద బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి వదిలాడు, నొక్కలేదు. దాని బరువుకి అదే దిగింది. కూలర్ నాలుగు స్క్రూలనీ ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం తిప్పుతూ బిగించాడు, లారీ చక్రం నట్లు బిగించినట్టు. ర్యామ్ పట్టీలు రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి. బోర్డును కేబినెట్‌లో పెట్టేముందే ప్రాసెసర్‌కి వెళ్లే కరెంటు వైరు వెనకనుంచి పైమూలకి లాగి ఉంచాడు. బోర్డు బిగిశాక ఆ మూలలోకి వేలు పట్టదు. వైర్లన్నీ వెనక పలక మీద జడ అల్లినట్టు కట్టి, కోసిన టై ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. గంటన్నర పట్టింది.

కంప్యూటర్ వెలిగింది. చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు. అతను బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని దాని అసలు వేగానికి, 3200కి పెట్టాడు. ఆ మీట నొక్కకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తుంది, కొన్నవాడికి ఏళ్లపాటు తెలియకపోవచ్చు. తర్వాత విండోస్ సెట్టింగుల్లో మానిటర్ 60 దగ్గర ఉంటే 144కి మార్చాడు. ఏ మానిటర్ కోసం మూడు గీతలు గీశాడో, ఆ మానిటర్ నిజంగా పనిచేస్తోందో లేదో చూసుకునే దాకా కుర్చీలోంచి లేవలేదు. మావాడు మౌసు అటూ ఇటూ కదిపి చూశాడు. బాణం గుర్తు నీళ్ల మీద జారినట్టు జారింది. 3060 సంగతి వాడు మళ్లీ ఎత్తలేదు.

డెబ్బై వేలలో ఇంకా 900 మిగిలాయి. వాటితో మంచి స్పైక్ బస్టర్ కొనుక్కోమన్నాడు. అది అతని దగ్గర లేదు, ఎదురు వరసలో ఉన్న దుకాణం చూపించాడు.

ఆ ధరలు ఆనాటివి. ఇవాళ ఆ కాగితం పట్టుకుని వెళితే ఒక్క అంకె కూడా సరిపోదు. మొదట మానిటర్ గురించి అడిగి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర పెన్ను ఆపిన వరస మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నా దృష్టిలో ఆ కుర్రాడు మంచి శిల్పి.

కాగితం అడుగున, మొత్తానికి పైన, ఇంకో మాట ఉంది. "అసెంబ్లింగ్: ఫ్రీ." సామానంతా ఒకచోటే కొంటే బిగించడానికి డబ్బు తీసుకోరు, అక్కడ అది ఆనవాయితీ. నేనెంత చెప్పినా తీసుకోలేదు. మీరెప్పుడైనా ఇలాంటి మనిషి చేత సిస్టమ్ కట్టించుకుంటే, ఆ మాట మీద ఒక గీత గీయించి పక్కన ఒక అంకె రాయించండి.