ఉలి మొనను నిలబెట్టే వేడి

దిగువ అహోబిలం ప్రహ్లాదవరద నరసింహస్వామి గుడిలో విజయనగర కాలపు మండప స్తంభాలను దగ్గరికెళ్లి చూస్తే, శిల్పి చేతితో పాటు అతని ఉలి మీద కూడా గౌరవం కలుగుతుంది. రాతిలో అంత సన్నని గీత దిగాలంటే మొన అరిగిపోకూడదు, విరిగిపోకూడదు. ఈ రెండు గుణాలనూ ఉక్కుకు ఇచ్చేది వేడి. పొరుగున ఆళ్లగడ్డలో రాతి శిల్పం నేటికీ జీవనోపాధి. యంత్రాలు, కార్బైడ్ మొనల ఉలులు వచ్చినా, మామూలు ఉక్కు ఉలికి పదును పెట్టే పద్ధతి తెలిస్తే ప్రయోగశాలలోని లక్షల రూపాయల ఫర్నేసు కూడా అర్థమవుతుంది.

ఉలికి వాడే ఉక్కులో కార్బన్ నూటికి 0.8 పాళ్ల దగ్గర ఉంటుందనుకుందాం. 727 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని లోపలి అమరిక మారి, కార్బన్ అంతా ఇనుములో కరిగిపోతుంది. 780, 800 డిగ్రీల దగ్గర ఉంచి చప్పున నీటిలో ముంచితే, కార్బన్ బయటపడే వ్యవధి లేక లోపలే చిక్కుకుంటుంది. అప్పుడు ఉక్కు ఆకురాయికి కూడా లొంగనంత గట్టిపడుతుంది, కానీ సుత్తి దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. అందుకే మళ్లీ 200 నుంచి 300 డిగ్రీల మధ్య మెల్లగా కాచి, కొంచెం గట్టిదనం వదులుకుని దెబ్బ తట్టుకునే శక్తి తెస్తారు.

ఈ రెండు కాపులనూ కమ్మరి ఒక్క కాపులోనే ముగిస్తాడు. ఉలి మొనను రెండంగుళాల మేర ఎర్రగా కాలుస్తాడు. ఆ ఎరుపు ఎంతో కంటికి సరిగ్గా తెలియాలి కాబట్టి కొలిమి మీద ఎండ పడనివ్వడు. పట్టుకారుతో తీసి చివరి అరంగుళం మాత్రమే నీటిలో ముంచి, ఒకేచోట గీటు పడకుండా పైకీ కిందికీ ఆడిస్తాడు. మొన చల్లబడి గట్టిపడుతుంది, వెనక భాగంలో మాత్రం వేడి మిగిలే ఉంటుంది. వెంటనే ఇటుక ముక్కతో మొనను రుద్ది తెల్లగా మెరిపిస్తాడు. వెనకున్న వేడి మెల్లగా ముందుకు పాకుతుంటే మెరిసే ఉక్కు మీద రంగులు వరసగా నడుస్తాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి పసుపు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. గాలి తగిలి ఉక్కు మీద ఏర్పడే పలచని పొర మందం పెరిగేకొద్దీ వెలుగు వేరువేరు రంగులుగా కనిపించడమే ఇది. రాయి గట్టిదనాన్ని, పడబోయే దెబ్బ బరువును బట్టి తనకు కావలసిన రంగు మొనకు చేరగానే ఉలి మొత్తాన్ని నీటిలో ముంచేస్తాడు. కొలత పరికరం ఒక్కటీ లేకుండా పాతిక డిగ్రీల తేడాను పట్టుకునే పనితనం ఇది.

తెలుగునేలకు నిప్పుతో పాత పరిచయమే. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో వరిఊక కలిపిన మట్టి మూసల్లో ఉక్కు కరిగించే తీరును హెన్రీ వాయ్‌సీ రాసి పెట్టగా, అది 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అక్కడా కీలకం మంట ఎత్తు కాదు. గాలి తగలని మూస, తొందరపడని చల్లార్పు.

కమ్మరి కన్ను ఒక్క మొననే చూడగలదు. యాభై ఉలులు ఒకేలా రావాలన్నా, ఎర్రగుంట్ల, పాణ్యం వైపు సిమెంటు ఫ్యాక్టరీల ల్యాబులో నమూనాను సుమారు 950 డిగ్రీల దగ్గర కాల్చి తగ్గిన బరువు చూడాలన్నా, బొగ్గులో బూడిద శాతం కోసం 815 డిగ్రీలకు పది అటూ ఇటూ మించకుండా ఉంచాలన్నా మఫిల్ ఫర్నేసు కావాలి. అందులో ప్రతి భాగం ఒక ప్రశ్నకు జవాబు.

నడుమ ఉండేది మఫిల్, అంటే వేడిని తట్టుకునే పెట్టె లాంటి గది. సరుకు ఇందులో ఉంటుంది, కరెంటుతో వేడెక్కే తీగలైన ఎలిమెంట్లు గోడల గాడుల్లోనో గోడ వెనకనో ఉంటాయి. సరుకు నుంచి రాలిన పొక్కులు ఎలిమెంటును తినేయకుండా అడుగున పలక వేస్తారు. చుట్టూ తేలికైన ఇటుక, దాని వెనక సిరామిక్ ఫైబర్, ఆపైన గాలి ఆడే సందు, చివర రేకు తొడుగు. ఎలిమెంటుకు వాడే నిక్రోమ్‌కు ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ 1930లలో స్వీడన్ నుంచి వచ్చింది. కాలినకొద్దీ కాంథాల్ మీద అల్యూమినా పొర ఏర్పడి లోపలి లోహానికి కాపలా కాస్తుంది. అందుకే కొత్త ఫర్నేసును మొదటిసారి ఖాళీగా, మెల్లగా కాల్చాలి. ఇటుకలో తేమ పోతుంది, ఆ పొర నిండుగా పడుతుంది.

వెనక గోడలోంచి లోపలికి పొడుచుకొచ్చే సన్నని గొట్టం థర్మోకపుల్. రెండు వేరు లోహాల తీగలను చివర కలిపితే, ఆ ముడి వేడెక్కినప్పుడు స్వల్పమైన ఓల్టేజి పుడుతుందని 1821లో సీబెక్ కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. కే రకం జంట 800 డిగ్రీల దగ్గర ఇచ్చేది సుమారు 33 మిల్లీవోల్టులే. ఆ కొద్దిపాటి సంకేతాన్ని చదివి కంట్రోలర్ కరెంటును పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఇక్కడ డిజైనర్ ముందుచూపు గమనించాలి. తీగ తెగిపోతే మంచి కంట్రోలర్ దాన్ని అతి ఎక్కువ వేడిగా లెక్కగట్టి కరెంటు ఆపేస్తుంది. కానీ థర్మోకపుల్ తెగకుండా గదిలోంచి జారి బయటికొస్తే? అది చల్లటి గాలిని కొలుస్తుంది, కంట్రోలర్ ఇంకా వేడి చాలలేదనుకుని కరెంటు పంపుతూనే ఉంటుంది. ఇలాంటి ప్రమాదాల కోసమే రెండో థర్మోకపుల్‌తో, మొదటిదానితో సంబంధం లేని కటాఫ్ పెడతారు. కొనేటప్పుడు ముందు అడగవలసింది దీని గురించే.

ఎంపిక మూడు ప్రశ్నల్లో తేలుతుంది. మొదటిది, ఎంత వేడి? పని 800 దగ్గరైతే 1100 లేదా 1200 డిగ్రీల ఫర్నేసు చాలు. రోజూ దాని పైహద్దు దగ్గరే నడిపితే ఎలిమెంటు త్వరగా పోతుంది. 1400 డిగ్రీల పైమాటకు సిలికాన్ కార్బైడ్ కడ్డీలు, 1600 పైన మాలిబ్డినం డైసిలిసైడ్ కావాలి. ఖర్చు కూడా వాటితోనే ఎక్కుతుంది. రెండోది, ఎంత గది? తలుపు పక్కన ఎప్పుడూ వేడి తక్కువ, కాబట్టి నడిమి భాగంలో సరుకు పట్టాలి. మూడోది, ఏ గాలి? మామూలు గాలిలో ఉక్కు పైపొర కార్బన్ కోల్పోతుంది, మొన మెత్తబడుతుంది. బొగ్గుపొడి నింపి, మూత గట్టిగా బిగించని పెట్టెలో ఉలులు పెట్టి కాల్చడం చవకైన మార్గం. దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి ఫర్నేసు ఉన్న గదికి పొగగొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. హైదరాబాద్‌లో 1973లో పుట్టిన మిధాని వంటి సంస్థల ప్రత్యేక లోహాలకైతే గాలినే తీసేసే వాక్యూమ్ ఫర్నేసులు కావాలి.

కరెంటు సంగతీ లెక్కే. మూడున్నర కిలోవాట్ల ఫర్నేసు 230 వోల్టుల మీద 15 ఆంపియర్లకు పైగా లాగుతుంది. విడి లైను, సరైన బ్రేకరు, నమ్మదగిన ఎర్త్ లేకుండా దాన్ని ఆన్ చేయకూడదు. తలుపు తీయగానే ఎలిమెంటుకు కరెంటు ఆపే స్విచ్ ఉండాలి. పట్టుకారు ఇనుముదే, ఎలిమెంటు తగిలితే కరెంటు చేతికొస్తుంది. తలుపు పైకి లేస్తే దాని మండే ముఖం మనిషి వైపు తిరగని అమరిక మేలు.

వాడకంలో జాగ్రత్తలన్నిటికీ కారణాలున్నాయి. తడి సరుకు పెడితే నీరు ఆవిరై ఎగజిమ్ముతుంది. రెండు చివర్లూ మూసిన గొట్టం పేలుతుంది. జింకు పూత ఉన్న ఇనుము అసలే వద్దు, 907 డిగ్రీలకు జింకు మరిగి పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫర్నేసు నుంచి తొట్టికి దారి ముందే ఖాళీ చేసుకోవాలి. నూనెలో చల్లార్చేటప్పుడు ముక్క సగమే మునిగితే నూనె అంటుకుంటుంది, అడుగున నీరు చేరి ఉంటే మరిగి నూనెను పైకి విసురుతుంది. తొట్టి మూత చేతికందేలా ఉండాలి, మంటపై నీళ్లు పోయకూడదు. ముఖానికి షీల్డు, తోలు ఏప్రాన్, నూలు బట్టలు, తోలు బూట్లు వేసుకోవాలి. నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. చాలాకాలం కాలిన సిరామిక్ ఫైబర్‌ను రిపేరుకు విప్పేటప్పుడు మంచి మాస్కు ఉండాలి, ఆ దుమ్ము ఊపిరికి హాని.

ఫర్నేసు గొప్పతనం ఎంత వేడి ఎక్కిందన్నదానిలో లేదు, చెప్పిన వేడిని గదంతా సమంగా నిలిపిందా అన్నదానిలో ఉంది. దాన్ని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒకే కడ్డీ నుంచి కోసిన ఐదు ముక్కలను నాలుగు మూలల్లో ఒక్కొక్కటి, నడుమ ఒకటి పెట్టి, ఒకే వ్యవధి కాచి, ఒకేలా చల్లార్చండి. ఒక్కోదాని మీద ఆకురాయి నడపండి. ఏ ముక్క మీదా అది పట్టకుండా జారిపోతే ఆ ఫర్నేసుకు పని అప్పగించవచ్చు. ఒక్క మూలనైనా ఆకురాయి కొరికితే తలుపు బిగింపు, ఎలిమెంటు, థర్మోకపుల్ స్థానం చూసి సరిచేసుకున్నాకే ఉలులను లోపల పెట్టాలి.