పలుకు లేని వ్రాత : కల్పితభాషలకు పదలిపి

వ్రాతకు ధ్వనితో పని లేదనియు, భావమును నేరుగా గీతలలో నిలిపినచో సర్వజనులును తమ తమ భాషలలో దానిని చదువుకొనవచ్చుననియు నమ్మినవారు పాశ్చాత్యదేశములలో మూడువందల యేండ్లకు పైగా కనబడుచున్నారు. వారిలో కొందరు లిపితోపాటు భాషనుగూడ కల్పించిరి. అట్టి యత్నములలో రెంటి గుణదోషములను ఈ వ్యాసమున విచారింతును. ఒకటి ఛార్లెస్ బ్లిస్ 1949లో ప్రకటించిన సంకేతలిపి. రెండవది సోన్యా లాంగ్ కల్పించిన ‘టోకి పోనా’ భాషకు 2014లో గ్రంథముఖమున వెలువడిన ‘సిటెలెన్ పోనా’ లిపి.

వీరికి పూర్వుడు ఆంగ్లేయుడగు జాన్ విల్కిన్స్. ఆయన 1668లో ప్రకటించిన గ్రంథమున సమస్తవస్తువులను 40 వర్గములుగా విభజించి, వర్గమునకొక గీతను, లోపలి భేదములకు ఆ గీతకు తగిలించు కొక్కెములను ఏర్పఱచెను. గుర్తును చూచినంతనే వస్తుస్వరూపము తెలియవలెనని ఆయన ఆశ. వృక్షముల పట్టికను కూర్చి యిచ్చిన జాన్ రే అను శాస్త్రజ్ఞునికే అది తృప్తి నీయలేదు. ప్రకృతిక్రమమును విడిచి విల్కిన్స్ కోరిన క్రమమున చెట్లను సర్దవలసి వచ్చెనని ఆయన బాధ. శాస్త్రజ్ఞానము మాఱినప్పుడెల్ల గుర్తులను మార్చుకొనవలసిన లిపి నిలువజాలదు. దీనినిగూర్చి ఇంతకన్న చెప్పనక్కఱలేదు.

బ్లిస్ కథ వేఱు. ఆయన 1897లో, నాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున నుండిన చెర్నోవిట్స్ పట్టణమున యూదకుటుంబమున జన్మించెను. వృత్తిచే రసాయన ఇంజనీరు. 1938లో నాజీలు ఆయనను డాకావ్, బూఖెన్‌వాల్డ్ నిర్బంధశిబిరములలో పెట్టిరి. భార్య క్లేర్ పట్టుదలచే విడుదలనొంది ఇంగ్లండు చేరెను. ‘బ్లిట్స్’ అను తన యింటిపేరు బాంబుదాడులను తలపించుచున్నదని ‘బ్లిస్’ అని మార్చుకొనెను. అచటినుండి షాంఘై పోయి చీనాలిపిని అభ్యసించెను. కొంతకాలమునకు, తాను ఆ గుర్తులను చీనాభాషలోగాక తన భాషలోనే చదువుకొనుచున్నట్లు ఆయనకు తోచెను. ఆయన లిపికి బీజమదియే. 1946లో ఆస్ట్రేలియా చేరి, మూడేండ్లకు గ్రంథమును ప్రకటించెను.

బీజముననే దోషము కలదు. చీనాలిపి కేవలభావలిపి కాదు. అందలి గుర్తులలో అధికభాగమునకు ఒక అంశము అర్థమును సూచించును, మఱియొక అంశము ధ్వనిని సూచించును. తల్లిని తెలుపు గుర్తున స్త్రీని తెలుపు గీతలప్రక్కన గుఱ్ఱమును తెలుపు గీతలుండును. తల్లికిని గుఱ్ఱమునకును సంబంధమేమి? ఆ భాషలో రెండు మాటలును, స్వరభేదము మినహాయించినచో, ‘మా’ అనియే పలుకును. అంతకుమించి ఏమియు లేదు. ధ్వనిని ఆనుకొని పెరిగిన వృక్షమును చూచి, ధ్వని లేని వృక్షమును నాటవచ్చునని బ్లిస్ భావించెను.

అయినను ఆయన గుర్తులందు శోభ కలదు. అలగీత నీరు. హృదయాకారము మనోభావము. దాని ప్రక్క పైకి చూచు బాణమున్న సంతోషము, క్రిందికి చూచు బాణమున్న దుఃఖము. కుర్చీని నీటిని కలిపినచో పాయిఖానా! గుర్తులపై వేయు చిన్న చిహ్నములు మూడు కలవు. ఒకటి వస్తువును, ఒకటి క్రియను, ఒకటి మనుష్యుని మనస్సు చేయు విలువకట్టుటను తెలుపును. ఈ మూడవదానిపై బ్లిస్ పెట్టుకొన్న ఆశ సామాన్యమైనది కాదు. ఏది కంటికి కనబడు వస్తువో, ఏది వక్త యభిప్రాయమో వ్రాతలోనే విడిపోయినచో, జనులను రెచ్చగొట్టు నాయకుల మాటలు పనిచేయవని ఆయన తలంపు. నిర్బంధశిబిరమును చూచి వచ్చినవాని యాశయది. దానిని పరిహసింప నాకు మనసొప్పదు. కాని ఏ చిహ్నమును ఎచట వేయవలెనో నిర్ణయించువాడు వ్రాయువాడే కదా? అసత్యవాది తన ద్వేషమునకు వస్తుచిహ్నమును తగిలించినచో లిపి వానిని ఎట్లు అడ్డుకొనును? వ్యాకరణము నీతిని కాపాడజాలదు.

ఇంతకన్న చిన్నదైనను కఠినమైన పరీక్ష యొకటి కలదు. అది మనుష్యుల పేరు. తంజావూరిలోని రామునిగూర్చి ఒక వాక్యము వ్రాయవలెనన్న ఏ భావమును గీయవలెను? బ్లిస్ లిపి యిచట రోమను అక్షరముల నాశ్రయించును. ధ్వనిని గుమ్మమువద్ద నిలిపివేసిన యింట, అది పెరటిదారిన ప్రవేశించినది.

సిటెలెన్ పోనా ఈ చిక్కును సరసముగా పరిష్కరించినది. టోకి పోనా భాష 2001లో వెలువడినది. 2014 నాటి గ్రంథమున దాని పదములు 120 మాత్రమే. పదమునకొక గుర్తు. పేరు వ్రాయవలసినప్పుడు గుర్తులను వరుసగా పేర్చి చుట్టును గీతగీయుదురు. ఆ గీతలోపల ప్రతిగుర్తును దాని పదముయొక్క మొదటి ధ్వనిగా చదువవలెను. ఆ భాషలో రకారము లేదు గనుక మన రాముడు ‘లాము’ అగును. తల, బల్లి, తిండి, నోరు అను గుర్తులను వరుసగా గీసినచో ‘లావా, అకేసి, మోకు, ఉతా’ అను మాటల మొదటి ధ్వనులతో ఆ పేరు వచ్చును. ప్రాచీన ఈజిప్టువారు రాజుల పేర్లచుట్టు గీచిన వలయము ఇచట గుర్తునకు రాక మానదు.

ఈ లిపి చదువబడుటకు కారణము బొమ్మల యందము కాదు. మొదట పలుకు కలదు, తరువాత దానికి గుర్తు వచ్చినది. ఒక వాక్యమును పదిమంది చదివినను ఒకే విధముగా వినబడును. బ్లిస్ వాక్యము నోటికి రానేరాదు, వచ్చినపుడు ఎవరి భాషలో వారికి వచ్చును. కర్తనుండి క్రియను వేఱుచేయు ‘లి’ అను చిన్నమాటకు ఏ బొమ్మయు లేదు. ఒక మొన వంటి గీతను ఒప్పందముచే పెట్టుకొనిరి. పలుకు తెలిసినవారికి ఆ ఒప్పందము భారము కాదు.

దోషములును లేకపోలేదు. టోకి పోనాకు 14 రోమను అక్షరములు చాలును. అట్టిదానికి నూటయిరువది గుర్తులు నేర్చుట అవసరము కొఱకు కాదు, కేవలము వేడుక కొఱకు. ‘పోనా’ అనగా మంచి. దాని గుర్తు నవ్వుచున్న పెదవివంటి వంపు. చెడునకు ఆ వంపే తలక్రిందులు. ఇవి ముచ్చటగానే యున్నవి. మనవారిలోను, తమిళదేశమునగాని కన్నడదేశమునగాని పుట్టిన పిల్లలు కొందరు ఇంటి తెలుగును అచటి లిపిలో వ్రాసికొందురు. మనకది వెలితియే. అయినను ఇంటిలో పలుకు నిలిచియుండుటచేతనే ఆ వ్రాత సాధ్యమగుచున్నది.

బ్లిస్ లిపికి ప్రాణము ఆయన తలంపని చోట వచ్చెను. 1971లో టొరంటోనగరమున, మస్తిష్కదోషముచే నోట మాట రాని పిల్లలకు ఉపాధ్యాయులు ఆ గుర్తులను పలకలపై కూర్చి చూపిరి. ప్రతిగుర్తుతోను ఇంగ్లీషు మాటను ముద్రించిరి. పిల్లలు గుర్తును చూపి తమ కోరికను, కోపమును, పరిహాసమును తెలుపసాగిరి. బ్లిస్ మొదట పరమానందభరితుడయ్యెను. పిదప ఉపాధ్యాయులు గుర్తులను తమ యవసరము చొప్పున మార్చుచున్నారనియు, విశ్వలిపిని ఇంగ్లీషు చదువునకు మెట్టుగా చేయుచున్నారనియు కోపించి వ్యాజ్యమునకు దిగెను.

లిపి యెవరిది అను ప్రశ్న మనకు దూరమైనది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు వాచకములు వ్రాయునపుడు తెలుగులిపినే వాడిరి. 1936లో మంగై గొమాంగో అను సవరపెద్ద 24 అక్షరముల స్వంతలిపిని కల్పించి, అక్షరములకు సవరదేవతల పేళ్లు పెట్టెను. పంతులుగారి మార్గము సులభము, గొమాంగో మార్గము అభిమానము. రెండును ధ్వనినే ఆశ్రయించినవి.

సోన్యా లాంగ్ 2021లో ప్రకటించిన నిఘంటువున, ఆ భాష నాడుకొనువారు ఏ మాటను ఏ యర్థమున వాడుచున్నారో వారినే అడిగి తెలిసికొని చేర్చినది. బ్లిస్ వ్యాజ్యము 1982లో గుర్తుల వినియోగహక్కును పిల్లల సేవాసంస్థ కిచ్చు ఒడంబడికతో ముగిసెను. ఆయన 1985లో మరణించెను. మాట రాని పిల్లలు ఆ పలకలను విడువలేదు.