తూము కట్టినంతమాత్రమున

మా పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో చెరువునకు తూము కట్టించినవాని పేరు శాసనమున నిలుచునేమో గాని, ఆ తూము పూడిపోకుండ ఏటేట కాచునది నీరటికాడు. నీటికాసులకు, అనగా గ్లాకోమాకు, శస్త్రచికిత్స చేయనారంభించిన నాటినుండి నాకు తఱచు స్ఫురించు సత్య మిదియే.

1968లో జాన్ కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీ అను శస్త్రచికిత్సలో, కంటిలో ఒత్తిడి పెంచుచున్న ద్రవము వెలికి జారునట్లు తెల్లగ్రుడ్డు పైపొరక్రిందికి మేమొక క్రొత్తదారి తీయుదుము. గాయమును పూడ్చుట దేహధర్మము. ఆ ధర్మమే యిచ్చట ప్రతికూల మగును. శోథము మిక్కుటమైనచో మచ్చకణజాలము పెరిగి దారి మూసికొనును, ఒత్తిడి మరల హెచ్చును, చూపునరము క్రమముగా నశించును. కావున ఏండ్లతరబడి వాడిన చుక్కమందులచే ఎఱ్ఱబారిన కన్నును ముందే శాంతింపజేసి, చికిత్సవేళ అవసరమైనచో మచ్చ పెరుగుటను అడ్డు మైటోమైసిన్ మందు నద్ది, పిమ్మట ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు చుక్కలను తొలుత రెండేసి గంటలకు వేయించి, వారముల తరబడి మెల్లమెల్లగా తగ్గింతుము. ఆ స్టెరాయిడే కొందఱి కంటిలో ఒత్తిడిని పెంచును గనుక, చాలకున్న నొక కీడు, మితిమీఱిన మఱియొక కీడు. అందుచేతనే మరల మరల చూపించుకొనుట అవశ్యము.

దేవరకొండవైపు పెద్దమనిషి యొకరు మూడవ వారముననే మందు మాని, కుమారునితో పూణేకు కూలికి పోయి, పండుగకు మరలి వచ్చునప్పటికి నేను తీసిన దారి పూర్తిగా పూడిపోయి యుండెను. “ఎరుపు పోయింది, నొప్పి లేదు, ఇంకెందుకు సారూ చుక్కలు?” అని ఆయన అమాయకముగా నడిగినపుడు, నొప్పి తగ్గుట వేఱు, గాయము కుదురుకొనుట వేఱు అని ఆయనకు బోధపడునట్లు చెప్పని దోషము నాదే యని తోచినది.

ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996–2000 నడుమ సాగించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమునకు ఎన్నుకొన్న నాలుగు ప్రాంతములలో మహబూబ్‌నగర్ జిల్లా, అనగా మా పాలమూరు, ఒకటి. అందు నీటికాసులున్నట్లు తేలినవారిలో అత్యధికులకు ఆ వ్యాధి యున్నదనియే తెలియదు. ఇట్లు ఆలస్యముగా వచ్చువారికి మిగిలియున్న కొద్దిపాటి చూపే సర్వస్వము.

కావున చదువరులకు నా విన్నప మొకటి. మీ యింట నీటికాసులకు శస్త్రచికిత్స యైనవారున్నచో, వైద్యుడు మానుమనువఱకు చుక్కలు మానవలదు. వలసపోవునపుడు సీసాను, మందుచీటీని మూటలో నుంచుకొనుడు. ఎన్నేండ్లకైనను ఆ కన్ను ఎఱ్ఱబడి, నొప్పిపుట్టి, చూపు మసకబారినచో ఆ దినమే వైద్యుని చూడుడు. పోయిన చూపును మేము తిరిగి తేలేము. ఉన్నదానిని మీతోకూడి కాపాడగలము.