పేరు దాచిన నేస్తం: ‘ఇల్లలకగానే’ కథలో పురుడు, పుట్టిల్లు, పాత స్నేహం

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ (ఇదే పేరుతో సంపుటి: 1995) తెలుగు పాఠకులకు సుపరిచితం. ఇల్లు అలకడంలో, ముగ్గులు తీర్చడంలో నిమగ్నమైపోయిన ఒక గృహిణి తన పేరు తానే మరచిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఈ కథను సాధారణంగా ఇంటిచాకిరి, భర్త ఆధిపత్యం, గృహిణి అస్తిత్వం అనే కోణాల నుంచి బోధిస్తారు. చివర్లో ఎదురై పేరు చెప్పే ప్రమీల అప్పుడు కథను ముగించడానికి వచ్చిన పాత్రగానే కనిపిస్తుంది. నిజానికి కథ బరువంతా ఆమె మీదనే ఉంది. తల్లి అయిన స్త్రీ జీవితంలో పాత స్నేహితురాలి స్థానం ఏమిటన్న ప్రశ్నను ఆ పాత్ర ముందుకు తెస్తుంది.

శీర్షిక ఒక సామెతలో సగం. ఇల్లలకగానే పండగ కాదన్నది లోకంలో మాట. దాని వెనుక ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ కథ కూడా ఉంది. మట్టి ఇల్లు ఒకసారి అలికితే సరిపోదు. నేల ఎండుతుంది, బీటలు వారుతుంది, మళ్ళీ పేడనీళ్ళతో అలకాలి. ఎన్నటికీ పూర్తికాని ఆ పనిలో పేరు మరచిపోవడం పల్లెజీవితం ఎరిగిన కథకులకే తట్టగల ఊహ. ఈగ పెద్దమ్మను, ఆమె కొడుకును, గొడ్డలిని, చెట్టును అడుగుతూ పోతుంది. చివరకు గుర్రం కడుపులోని పిల్ల సకిలించినప్పుడు దానికి తన పేరు తెలుస్తుంది. జానపద కథలో పేరు ఇచ్చేది ఇంకా పుట్టని బిడ్డ. సత్యవతి ఈ క్రమాన్ని తిరగేశారు. ఆమె కథలో పుట్టి పెరిగిన పిల్లలకే తల్లి పేరు తెలియదు. తాము పుట్టినప్పటినుంచీ ఆమె అమ్మే. ఇంటికి వచ్చే ఉత్తరాలు నాన్న పేరు మీద వస్తాయి కనుక మరో పేరు తెలుసుకోవలసిన పని వారికి పడలేదు. మాతృత్వాన్ని నిందించకుండానే, అది స్త్రీ పేరును ఎలా కప్పివేస్తుందో ఈ చిన్న మార్పుతో రచయిత్రి చూపారు.

ఇంతకన్నా లోతైన ఘట్టం పుట్టింట్లో జరుగుతుంది. కూతురు తానెవరని అడిగితే, తల్లి తాము చేసినవన్నీ లెక్క చెబుతుంది: చదువు, కట్నం, రెండు పురుళ్ళ ఖర్చు. కథ ఈ మాట దగ్గర ఆగదు, పాఠకులూ ఆగరు. అయితే తెలుగునాట పురుడు పుట్టింట పోయడం ఆనవాయితీ. ఆ కొన్ని నెలలు, పెళ్ళితో ఊరు విడిచిన స్త్రీ తిరిగి తన ఊరి మనిషి అవుతుంది. బాలింతను చూడవచ్చే వారిలో అత్తవారి తరఫు చుట్టాలతో పాటు చిన్ననాటి స్నేహితురాళ్ళూ ఉంటారు. ఆమెను కోడలుగా, ఫలానా వారి భార్యగా కాక పాత పేరుతో పిలిచే గొంతులు వినిపించే కాలం అదే. పథ్యం, నడికట్టు, పసిబిడ్డ ఏడుపు నడుమ ఆ స్నేహం కొత్త ఇంటి కబుర్లను, పాత బడి కబుర్లను కలిపి పంచుకుంటుంది. ‘ఇల్లలకగానే’ కథలోని పుట్టిల్లు ఆ రెండు పురుళ్ళనూ ఖర్చు పద్దులుగానే గుర్తుంచుకుంది. కూతురు రెండుసార్లు పురుటికి వచ్చి వెళ్ళినా ఆమె పేరు ఆ ఇంట్లో మిగలలేదు. కథలోని అతి కఠినమైన విమర్శ ఇదే. అది భర్తను దాటి పోతుంది.

అందుకే పేరు దొరికేది ఇంట్లో కాదు, బయట. ప్రమీల గుర్తుచేసేవి శారద సాధించినవి: పదవ తరగతిలో మొదటి స్థానం, సంగీతం పోటీ, బొమ్మలు గీయడం. తక్కిన స్నేహితులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటున్నారని, శారద మాత్రమే ఎవరికీ అందకుండా పోయిందని కూడా ఆమె చెబుతుంది. పిల్లల తర్కం పక్కన ఈ మాటను పెట్టి చూడాలి. ఉత్తరం వచ్చి ఉంటే పేరు ఇంట్లోకి వచ్చి ఉండేది. ఇక్కడ తెలుగు సాహిత్య చరిత్రలోని మరో శారద గుర్తుకు రాక మానదు. కె.ఎన్. కేసరి మద్రాసులో 1928లో ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన ‘శారద లేఖలు’లో శారద తన స్నేహితురాలు కల్పలతకు ఉత్తరాలు రాస్తుంది. ఇంటి సంగతులకూ లోకం సంగతులకూ నడుమ గోడ లేని ఆ లేఖల్లో స్నేహితురాలిని సంబోధించడమే రచనకు ఆధారం. సత్యవతి ఆ పేరును ఉద్దేశపూర్వకంగా ఎంచుకున్నారనడానికి ఆధారం వెతకనక్కరలేదు. ఉత్తరాలు రాసిన శారద నుంచి ఉత్తరం అందని శారద దాకా ఉన్న దూరం మాత్రం గమనార్హం. రెండవ శారద పట్టభద్రురాలు. చదువు పెరిగిన చోటే సంభాషణ తెగిపోయింది.

కథకు ఒక పరిమితి ఉంది. ప్రమీల శారద ఇంటికి రాదు. ఆమె ఇల్లు, ఆమె చాకిరి, ఆమెను పిలిచే పిలుపు ఏవీ కథలో లేవు. పేరు కాపాడుకోవడం ఆమెకు ఎలా సాధ్యమైందన్నది పాఠకులకు తెలియదు. తల్లి అయిన స్త్రీ, ఆమె స్నేహితురాలు ఒకే వంటగదిలో కూర్చుని మాట్లాడుకునే దృశ్యం ఉండి ఉంటే, స్నేహం పేరును గుర్తుచేయడంతో ఆగిపోక, పనిని కూడా పంచుకునేదేమో. ఆ దృశ్యాన్ని కథ ఊహించలేదు. క్లుప్తత కోసం చెల్లించిన మూల్యం అది. కొంచెం ఎక్కువ మూల్యమే.

అయినా ముగింపులో శారద ఒక పని చేస్తుంది. ‘ఏమోయ్’ అన్న పిలుపును ఒప్పుకోక భర్తకు తన పేరు చెబుతుంది. ఆ తరువాత, దుమ్ము దులపని సోఫాలో కూర్చుని తన పాత బొమ్మలను పిల్లలకు చూపిస్తుంది. గుర్రం కడుపులోని పిల్లకు తెలిసిన పేరు, ఈ పిల్లలకు ఇప్పుడు తెలుస్తున్నది.