బుగ్గన దాచిన పనితనం

మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రోజుకు 15 సిగరెట్లు కాలుస్తాడు. మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నన్ను డాబా మీదికి తీసుకెళ్లి, కింద ఉన్న పిన్నికి వినపడకుండా అడిగాడు. "అన్నయ్యా, ఈసారి నిజంగా మానేద్దామనుకుంటున్నా. లండన్ నుంచి ఫ్రెండు వస్తూ ఈ-సిగరెట్ తెస్తానంటున్నాడు. మొదటిసారి వాడేవాడికి ఏది తెప్పించుకోమంటావు?"

"ఏదీ తేవద్దని చెప్పు" అన్నాను. బ్రిటన్‌లో సిగరెట్ మానాలనుకునేవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలే దాన్ని సూచిస్తున్నాయి, నిజమే. మన దేశంలో మాత్రం దాన్ని 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, ఆ డిసెంబరుకల్లా చట్టం చేసి నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. నిల్వ తప్ప మిగతావాటికి మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. స్నేహితుడి సూట్‌కేసులో పెట్టించుకోవాల్సిన వస్తువు కాదది. మర్నాడు పొద్దున్నే మా ఊరి సెంటర్లో మెడికల్ షాపుకు తీసుకెళ్లి, 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఒక షీటు కొని చేతిలో పెట్టాను. వాడి ముఖం చిన్నబోయింది. "చూయింగ్ గమ్మా అన్నయ్యా?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని. ఈ బిళ్ల సాయంతోనే సిగరెట్ మానినవాణ్ని కూడా. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన పెట్టినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. వాణ్ని డాబా మీద కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

షీటు వెనక రేకు గట్టిగా నొక్కితే బిళ్ల బయటికొస్తుంది. బరువు గ్రాము అటూ ఇటూ. అందులో 2 మిల్లీగ్రాములు నికోటిన్, అంటే ఐదువందల్లో ఒక వంతు. మిగిలిందంతా ఆ ఒక్క వంతును అదుపులో పెట్టడానికి ఉంది. పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు, మామూలు చూయింగ్ గమ్‌లాగే ఉంటుంది.

అదుపు ఎందుకు కావాలో తెలియాలంటే నికోటిన్ స్వభావం తెలియాలి. శుద్ధమైన నికోటిన్ రంగులేని నూనెలాంటి ద్రవం. గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది, ఊరికే ఆవిరవుతుంది, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మా ఒంగోలు వైపు మంచుకు తడిసిన పొగాకు తోటలో దిగి ఆకు కోసే కూలీలకు కళ్లు తిరిగి వాంతులయ్యేది అందుకే. మా నాన్న నాలుగెకరాల్లో వర్జీనియా వేసేవారు. తెల్లవారుజామున తోటలోకి దిగిన ఆడవాళ్లు గట్టు మీదికొచ్చి కూలబడటం నేను చిన్నప్పుడు చూశాను. అలాంటి పదార్థాన్ని నేరుగా జిగురులో కలిపి నోట్లో వేస్తే మొదటి నాలుగు నమలుళ్లకే మొత్తం దిగిపోతుంది. గొంతు మండుతుంది, ఎక్కిళ్లొస్తాయి, కడుపులో తిప్పుతుంది. ఆ తర్వాత నోట్లో మిగిలేది ఉత్త రబ్బరు.

ఈ చిక్కును విప్పింది స్వీడన్‌లోని హెల్సింగ్‌బొర్యి అనే ఊళ్లో ఏబీ లియో అనే మందుల కంపెనీ. దాని పరిశోధన విభాగాధిపతి ఊవె ఫెర్నో. ఆయనే పెద్ద పొగరాయుడు. 1967లో లుండ్ విశ్వవిద్యాలయం నుంచి క్లాస్ లుండ్‌గ్రెన్ అనే డాక్టరు ఆయనకు ఒక ఉత్తరం రాశారు. జలాంతర్గాముల్లో పొగ తాగనివ్వరు కాబట్టి అక్కడి నావికులు నమిలే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారని, ఆ రకంగా వాళ్లకు సిగరెట్ లేని లోటు తీరుతోందని లుండ్‌గ్రెన్, ఆయన సహచరుడు స్టెఫాన్ లిక్ట్‌నెకర్ట్ గమనించారు. పొగ లేకుండా ఒట్టి నికోటిన్‌నే నోటి ద్వారా అందిస్తే మనిషి సిగరెట్‌కు దూరం కాలేడా అన్నది వాళ్ల ప్రశ్న. ఊపిరితిత్తుల్ని తినేసే తారు, కార్బన్ మోనాక్సైడు వచ్చేది కాలడంలోంచి. సిగరెట్ దగ్గరికి మళ్లీ మళ్లీ లాక్కొచ్చేది నికోటిన్. ఈ రెంటినీ విడదీయవచ్చని వాళ్లకు తట్టడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఫెర్నో బృందం నికోటిన్‌ను అయాన్ మార్పిడి రెసిన్‌కు కట్టేసింది. ఇళ్లలో కఠిన జలాన్ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్లలో పోసే సన్నటి గింజలు ఉంటాయే, దాదాపు ఆ జాతిదే ఇది. పొడి చేసిన రెసిన్ రేణువు ఒంటినిండా రుణావేశపు సీట్లుంటాయి. ధనావేశమున్న నికోటిన్ వచ్చి వాటిలో కూర్చుంటుంది. కూర్చున్నది ఊరికే లేవదు, ఆవిరి కాదు, పాడవదు. మన ఆర్టీసీ బస్సులో సీటు దొరికినవాడిలాగా, వాడు లేవాలంటే పక్కన ఇంకొకడు నిలబడి తోసుకు రావాలి. లాలాజలంలోని సోడియం, పొటాషియం వచ్చి ఆ పని చేస్తాయి. ఒక అయాన్ ఎక్కితేనే ఒక నికోటిన్ దిగుతుంది.

ఆ రేణువుల్ని తెచ్చి నీళ్లలో కరగని జిగురులో కలిపారు. ఇక్కడే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. జిగురు ముద్ద లోపలికి లాలాజలం ఇంకదు, పైపొరను మాత్రమే తడుపుతుంది. నమిలినప్పుడు, చపాతీ పిండి మడిచి పిసికినట్టు, లోపలి పొర బయటికొస్తుంది. అప్పుడే కొత్త రేణువులకు తడి తగులుతుంది. నమలడం ఆపితే నికోటిన్ దిగడమూ ఆగుతుంది. అంటే మోతాదు పగ్గాలు మనిషి దవడకే అప్పగించారు. సిగరెట్ తాగేవాడు తనకు తెలియకుండానే దమ్ము ఎంత గట్టిగా లాగాలో, ఎప్పుడు ఆపాలో సర్దుకుంటూ ఉంటాడు. మాత్ర మింగితే ఆ సర్దుబాటు ఉండదు. ఈ గమ్ ఆ అలవాటును గౌరవించింది.

ఇంతటితో అయిపోలేదు. రెసిన్ నుంచి దిగిన నికోటిన్ బుగ్గ లోపలి పొర దాటి రక్తంలోకి వెళ్లాలి. ఆవేశంతో ఉన్న నికోటిన్ ఆ పొరను దాటడం కష్టం, ఆవేశం పోగొట్టుకున్నదైతే సులువుగా దాటుతుంది. ఆవేశం పోవాలంటే నోరు కాస్త క్షారంగా మారాలి. అందుకని ఫెర్నో గమ్‌లో సోడా కలిపించాడు: సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు. మన భాషలో బట్టల సోడా, వంటసోడా.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. అరచేతిలో పొగాకు పొడి వేసుకుని, చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపి దవడన పెట్టుకునేవాళ్లు చేసేదీ ఇదే పని. సున్నం క్షారం. అది తగలకపోతే పొగాకులోని నికోటిన్ నోట్లో అంత తొందరగా ఎక్కదు. మా తాత చుట్ట కాల్చేవాడు, పొగ మాత్రం ఎప్పుడూ లోపలికి పీల్చేవాడు కాదు, బుగ్గల్లో తిప్పి వదిలేసేవాడు. చుట్ట పొగ క్షారగుణంది కాబట్టి ఆయనకు నోట్లోనే సరిపడా అందేది. బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, దాని పొగ ఆమ్లగుణంది. సిగరెట్ పొగ నోట్లో సరిగా ఎక్కదు కనకే గుండెల నిండా పీల్చాలి. పీలిస్తే పది, ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, తారు ఊపిరితిత్తుల్లో దిగబడుతుంది. చుట్ట, సున్నం, సిగరెట్, గమ్ నాలుగింటి గుట్టూ ఒకే లెక్కలో ఉంది. ఆ లెక్కను మనిషికి మేలు చేసే వైపు తిప్పినవాడు ఫెర్నో. (చుట్టా, నమిలే పొగాకూ నోటి కేన్సరుకు దారులే. వాటిని మెచ్చుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు.)

ఈ గమ్ విలువెంతో 1982లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరీక్షలో కనిపిస్తుంది. 58 మందికి 2 మిల్లీగ్రాముల అసలు గమ్ ఇచ్చారు. ఇంకో 58 మందికి ఇచ్చిన ఉత్తుత్తి గమ్‌లోనూ 1 మిల్లీగ్రాము నికోటిన్ ఉంది, సోడా మాత్రం లేదు. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్లకూ తెలియదు, పుచ్చుకున్నవాళ్లకూ తెలియదు. ఏడాది తర్వాత అసలు గమ్ వాడినవాళ్లలో 27 మంది సిగరెట్ మానేసి ఉన్నారు. రెండో గుంపులో 12 మంది. డాక్టర్ల సలహాలు, తోటివాళ్ల తోడు ఉన్న క్లినిక్‌లో వచ్చిన ఫలితమిది, ఒంటరిగా మానేవాళ్లు అంత ఆశించకూడదు. ఎన్నో పరీక్షల్ని కలిపి చూసినా నికోటిన్ మందులు వాడితే మానే అవకాశం 50 నుంచి 60 శాతం పెరుగుతుందని తేలింది. స్విట్జర్లాండ్ 1978లో, అమెరికా 1984లో గమ్‌కు అనుమతినిచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నికోటిన్ మందుల్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఇంత పనితనమున్న వస్తువును నేను మొదటిసారి పాడుచేసుకున్నాను. షాపులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫలహారం చేసి, టీ తాగి, ఆ నోటితోనే బిళ్ల వేసుకుని మామూలు గమ్‌లాగా కసకసా నమిలాను. ఎక్కిళ్లు పట్టుకున్నాయి, గొంతులో మిరపకాయ పెట్టినట్టయింది. షీటు అవతల పారేసి బంకు దగ్గరికి నడిచాను. ఆరు నెలల తర్వాత పన్ను పీకించుకోవడానికి వెళితే, ఆ డాక్టరమ్మ గమ్ ఎలా వాడాలో వేలితో బుగ్గ మీద చూపించి మరీ నేర్పింది.

నెమ్మదిగా ఒక పదిసార్లు నమలాలి. నాలుక మీద మిరియం ఘాటు తగలగానే ఆపేయాలి. ముద్దను బుగ్గకూ చిగురుకూ మధ్యకు తోసి వదిలేయాలి. నిమిషానికి ఘాటు తగ్గుతుంది, అప్పుడు మళ్లీ నాలుగుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గకు మార్చాలి. అరగంట ఇలా సాగాలి. ఊరిన ఉమ్మి అదేపనిగా మింగకూడదు. కడుపులోకి వెళ్లిన నికోటిన్‌ను కాలేయం చాలావరకు విరిచేస్తుంది, డబ్బూ దండగే, కడుపులో తిప్పడమే మిగులుతుంది. వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు, మజ్జిగ, నిమ్మరసం ఏదీ వద్దు. ఇవన్నీ పులుపు జాతివే. ఫెర్నో కష్టపడి పెట్టిన సోడాను ఒక గుక్క కాఫీ నీరుగార్చేస్తుంది. చారూ పులుసూ లేకుండా ముద్ద దిగని మనకు ఈ పావుగంట మరీ ముఖ్యం.

ఏది కొనాలన్నది తేల్చడం తేలికే. నిద్ర లేచిన అరగంట లోపే సిగరెట్ వెలిగించేవాడికి 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాత వెలిగించేవాడికి 2. మన దగ్గర 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు, 4కు డాక్టరు చీటీ కావాలి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, ఆఖరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు 24కు మించకూడదు. చాలామంది మొదట్లోనే పొదుపు చేసి, రోజుకు మూడో నాలుగో వేసుకుని, పనిచేయలేదంటారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, కట్టుడు పళ్లవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పిల్లలకు అందనివ్వకూడదు.

మా తమ్ముడు అడిగిన ఇంకో ప్రశ్న ఉంది. "సిగరెట్ తాగినంత హాయిగా ఉంటుందా?" ఉండదని చెప్పాను. సిగరెట్ క్షణాల్లో ఇచ్చే నికోటిన్‌ను ఇది అరగంట సాగదీసి ఇస్తుంది. 2 మిల్లీగ్రాముల్లో ఇంచుమించు సగమే రక్తానికి చేరుతుంది, ఒక సిగరెట్ నుంచి చేరేదీ దాదాపు అంతే. కొలత అదే, వేగం వేరు. ఆ వేగంలోనే వ్యసనం ఉంది. చిరాకు తగ్గేంత ఇచ్చి, మోజు పుట్టేంత ఇవ్వకుండా ఆపడం ఎంత కష్టమో ఏదైనా చేతిపని తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ బిళ్లలోని గొప్పతనమంతా ఆ ఆపడంలోనే ఉంది.

వాడు వెళ్లి మూడు వారాలైంది. రోజుకు పది బిళ్లలు వేసుకుంటున్నానని, మధ్యలో ఒకరోజు రెండు సిగరెట్లు తాగానని ఫోన్లో చెప్పాడు. తాగితే తాగావు, మర్నాడు గమ్ మాత్రం మానకు అన్నాను. మీ ఇంట్లోనూ ఎవరైనా డాబా మీదికి పిలిచి ఇలా అడిగితే తిట్టకండి, మెడికల్ షాపు దాకా తోడు వెళ్లండి. తర్వాత జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు వాళ్లతో ఫోన్ చేయించండి. డబ్బులేమీ పడవు. ఆ నంబరు వాళ్ల జేబులోని సిగరెట్ పెట్టె మీదే అచ్చై ఉంటుంది.